దొన్నెలో దీపం

లియాన్, ఫ్రాన్స్,
14 డిసెంబరు 2024, శనివారం

చిరంజీవి చిన్నోడిని అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పాపకి ఇవాళ నలభయ్యో రోజు. నాగుల చవితి నాడు పుట్టిందని మీ బావ దాన్ని ‘నాగమ్మా’ అనే పిలుస్తున్నాడు. అక్క బాగా కోలుకుంది. నేను తెచ్చిన వెల్లుల్లి కారం సగం సీసా అయిపోయింది. రాత్రి పూట పాపని నేను చూసుకుంటున్నాను, అక్కని నిద్రపోనిస్తున్నాను. ఈ ఉత్తరం కూడా అలా పాప నా ఒళ్ళో పడుకున్నప్పుడు ముక్కలు ముక్కలుగా రాసిందే. దస్తూరి వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరం ఎందుకమ్మా అంటావు. ఫోన్లో చెప్పలేకపోయిన మాట ఒకటి ఉందిరా. పన్నెండు రోజులుగా నోటిదాకా వస్తోంది, నువ్వు ‘తిన్నావా’ అనగానే లోపలికి పోతోంది.

మొన్న 2వ తారీఖు సోమవారం, పోలి పాడ్యమి. నాకు పెళ్ళయిన దగ్గర్నించి ఒక్క ఏడాది కూడా ఆ తెల్లవారుజాము గోదావరి మానలేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలలో కూడా మీ నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. ఈసారి నేను లేనని నువ్వే అలారం పెట్టుకుని లేచావు. నాయనమ్మని ఆటోలో ఎక్కించుకుని పుష్కర ఘాట్‌కి తీసుకెళ్ళావు. అక్కడ నాలుగున్నర, ఇక్కడ సరిగ్గా అర్ధరాత్రి. వీడియో కాల్ చేసి, ‘అమ్మా చూడు’ అన్నావు. మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నావు. చేతిలో మోదుగాకు దొన్నె, అందులో నెయ్యిలో తడిపిన వత్తుల కట్ట వెలుగుతోంది.

నేనన్న మొదటి మాట ఏంటో నీకు గుర్తుండే ఉంటుంది. ‘దొన్నె ఏంట్రా? అరటి దొప్ప దొరకలేదా? దొన్నె నాని మునిగిపోదూ?’ అన్నాను.

నువ్వు ఏదో చెప్పబోయావు, ‘అయిపోయాయమ్మా’ అన్నట్టు వినబడింది. ఈలోగా పాప ఏడ్చింది, నేను ఫోన్ పెట్టేశాను. తెల్లారాక నువ్వు పంపిన నలభై సెకన్ల వీడియో చూశాను. అప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గాలికి ఆరిపోకుండా ఎడమ చెయ్యి వంచి దీపానికి అడ్డం పెట్టావు. మంట నీ వేళ్ళకి తగులుతూనే ఉంది, అయినా చెయ్యి తియ్యలేదు. దొన్నెని నీళ్ళ మీద పెట్టి, మూడుసార్లు అలని ముందుకు తోశావు. అలా తొయ్యాలని నీకు ఎవరు చెప్పారురా? చిన్నప్పుడు నా పక్కన నిద్రమొహంతో నిలబడి, నెత్తిన తువ్వాలు కప్పుకుని చూసిందే కదా. ఆ దొన్నె మునగలేదు. వీడియో ఆగేదాకా వెలుగుతూనే వెళ్ళింది.

ఆ అర్ధరాత్రి ఇక్కడ నేనేం చేస్తున్నానో నీకు చెప్పలేదు. ఈ ఊళ్ళో ఉసిరికాయ దొరకలేదు. మట్టి ప్రమిదలు తేవడం మర్చిపోయాను. వంటింట్లో క్లెమెంటైన్లని చిన్న కమలాపళ్ళు ఉంటే, ఒకటి అడ్డంగా కోసి, తొనలు తీసేసి తొక్కని కప్పులా చేశాను. పాప బొడ్డు తుడవడానికి తెచ్చిన దూది కొంచెం మిగిలితే అందులోంచి వత్తి చేశాను. సీసా అడుక్కంటిన నెయ్యి చెంచాతో గీకి పోశాను. స్టీలు బేసిన్లో నీళ్ళు పోసి దాని మీద ఆ తొక్కని వదిలాను. ఇళ్ళ కప్పుకి పొగ పసిగట్టే డబ్బా ఒకటి బిగిస్తారు ఇక్కడ, అది కుయ్యిమంటుందేమోనని మీ బావ కిటికీ తెరిచి, చలిలో అట్ట పట్టుకుని విసురుతూ నిలబడ్డాడు. నేను తొక్కలో దీపం పెట్టుకుని నిన్ను దొన్నె ఎందుకన్నాను. అది నా మనసుని ఎంత కొరికిందో తెలుసా.

పోలి కథ నాయనమ్మ నీకు చెప్పే ఉంటుంది. చిన్న కోడలు పోలి. అత్తగారు పెద్ద కోడళ్ళని వెంటబెట్టుకుని నదికి వెళ్తూ, పోలికి దీపం పెట్టే సామాను ఏదీ దొరక్కుండా చేసి వెళ్ళేది. పోలి పెరట్లో పత్తి చెట్టు కింద రాలిన దూది ఏరుకుని, కవ్వానికి అంటిన వెన్న గీకి, దీపం పెట్టి, ఎవరి కంటా పడకుండా మీద బుట్ట బోర్లించేది. ఆఖరికి విమానం నది ఒడ్డున దిగలేదు, పోలి ఇంటి ముందు దిగింది. ఈ కథ ముప్పై ఏళ్ళుగా వింటూ, చెబుతూ, నా సొంత కొడుకు చేతిలో దొన్నె చూసి మాత్రం తప్పు పట్టాను.

ఇది ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ వారంలోనే ఈ ఊళ్ళో నేను చూసినవీ విన్నవీ నీకు చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒక మామ్మగారు ఉంటుంది. తొంభైకి దగ్గర పడింది. ఆవిడ పుట్టిల్లు దక్షిణాన అవిన్యోన్ దగ్గర. పాప పుట్టినప్పుడు ఊలు టోపీ అల్లి తెచ్చింది. అప్పటి నుంచి నాకూ ఆవిడకీ స్నేహం. ఆవిడ ఫ్రెంచి, నేను తెలుగు. మీ బావ ఉంటే అతను చెబుతాడు, లేకపోతే ఫోన్ చెబుతుంది, రెండూ లేకపోయినా మాకు కుదురుతోంది.

4వ తారీఖున నన్ను వాళ్ళింటికి పిలిచింది. బల్ల మీద మూడు సాసర్లు, వాటిలో తడి దూది. గుప్పెడు గోధుమలు నా చేతిలో పోసి చల్లమంది. ఆ రోజు సెయింట్ బార్బరా పండుగట. ప్రోవాన్స్ వైపు ఆ రోజు గోధుమలు నానేసి మొలకెత్తిస్తారు, క్రిస్మస్ నాటికి పచ్చగా, నిటారుగా పెరిగితే వచ్చే ఏడాదంతా పంట బాగుంటుందని నమ్మకం. పండుగ భోజనాల బల్ల మీద పెడతారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మన పెళ్ళిళ్ళలో పాలికలు పెట్టమూ! అక్క పెళ్ళికి మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు చల్లి, పాలు నీళ్ళు పోసింది నేనే కదా. ఆ మాట మామ్మగారికి చెప్పాలని ఫోన్లో పాలికల ఫోటో వెతికి చూపించాను. ఆవిడ చూసి, తలూపి, తన సాసరు నా వైపు జరిపింది. ఇవాళ్టికి ఆ మొలకలు నాలుగు వేళ్ళ ఎత్తు ఎదిగాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళు చిలకరించి వస్తున్నాను.

6వ తారీఖు సెయింట్ నికొలస్ పండుగ. ఈ ఊళ్ళో దానికి పెద్ద హడావిడి లేదు. ఫ్రాన్స్‌లో తూర్పున లొరేన్, అల్సాస్ వైపు బాగా చేస్తారట, హాలండ్‌లో ముందు రోజు సాయంత్రమే పిల్లలకి కానుకలు పంచేస్తారట. ఈ నికొలస్ ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి బిషప్. ఆయన గురించి ఒక కథ చెప్పింది మామ్మగారు. ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇచ్చుకోలేక ముగ్గురికీ పెళ్ళి చెయ్యలేకపోతాడు. వాళ్ళ బతుకులు ఏమైపోతాయో అన్న పరిస్థితి. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా వాళ్ళ కిటికీలోంచి బంగారం మూట విసిరి వెళ్ళిపోతాడు. మూడుసార్లు, ఒక్కో పిల్లకి ఒక్కో మూట.

మీ బావ ‘కట్నం’ అని తెలుగులో చెప్పగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా పెళ్ళికి మీ తాతయ్య కోనసీమలో ఉన్న అర ఎకరం కొబ్బరి తోట అమ్మేశాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకి, ఆ తోటలో కాయలు ఎవరో దింపుకుంటుంటే చూసి తెలుసుకున్నాను. మా కిటికీలోకి ఎవరూ మూట విసరలేదు, మా నాన్న తన భూమే విసిరాడు. చిన్నోడా, నీ పెళ్ళికి ఎదుటివాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకునేది లేదు. మీ నాన్నతో ఫోన్లో మాట్లాడాను, సరే అన్నారు. మాటగా పోకుండా కాగితం మీద ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉత్తరం దాచుకో.

ఇక 7వ తారీఖు సాయంత్రం. ఆ రోజు పారిస్‌లో నోత్రదామ్ చర్చి మళ్ళీ తెరిచారు. 2019 ఏప్రిల్ 15న కాలిపోయింది, నీకు గుర్తుందా, ఆ కొన శిఖరం మంటల్లో విరిగి పడటం మనం టీవీలో చూశాం. ఐదేళ్ళు పట్టింది బాగు చెయ్యడానికి. ఆర్చిబిషప్ తన చేతికర్రతో మూసిన తలుపుని మూడుసార్లు తట్టాడు. ఆ కర్ర కూడా కాలిన కప్పులో మిగిలిన దూలం చెక్కతో చేసిందేనట. మామ్మగారు మా ఇంట్లోనే కూర్చుని చూసింది. తలుపు తట్టిన ప్రతిసారీ ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

టీవీ చూస్తుండగానే బయట మెట్ల దగ్గర పిల్లల గోల వినిపించింది. కింద వాటాలో కొలంబియా వాళ్ళు ఉంటున్నారు, చిన్న జంట, ఇద్దరు పిల్లలు. వాళ్ళ దేశంలో 7వ తారీఖు రాత్రి ‘చిన్న కొవ్వొత్తుల పండుగ’. వీధి పొడుగునా, అరుగుల మీద, బాల్కనీల్లో కొవ్వొత్తులు, రంగు కాగితాల లాంతర్లు పెడతారు. 1854 డిసెంబరు 8న పోప్ తొమ్మిదో పియస్ మరియమాత తల్లి కడుపులో పడ్డప్పటి నుంచే పాపం అంటనిదని ప్రకటించాడు. మన క్యాథలిక్కులు అమలోద్భవి మాత అంటారే, ఆ తల్లి. ఆ ప్రకటన కోసం ముందు రోజు రాత్రి దీపాలు పెట్టిన ఆనవాయితీ అట అది. ఇక్కడ వాళ్ళకి అరుగు లేదు, వీధిలో పెడితే గాలి. అందుకని మెట్ల పక్కన గోడవారగా పాత పళ్ళెంలో పెట్టారు. ఒక్కో కొవ్వొత్తీ ఒక్కొక్కరి కోసం. చిన్న పిల్ల వెలిగిస్తూ పేర్లు చెబుతోంది. ఊళ్ళో ఉన్న తాతకి ఒకటి, అమ్మమ్మకి ఒకటి, కుక్కపిల్లకి ఒకటి. మా పాప పేరు కూడా అడిగి దానికీ ఒకటి వెలిగించింది. జున్ను కలిపి నూనెలో వేయించిన గుండ్రటి ఉండలు పెట్టారు, అచ్చం మన పూర్ణాల సైజులో ఉన్నాయి, తీపి లేదు. అక్క నాలుగు తింది, పథ్యం అంటే వినలేదు.

నాకు ఒక కొవ్వొత్తి ఇచ్చారు. అది నీ పేరు చెప్పి వెలిగించాను. వాళ్ళ పళ్ళెంలో నీ దీపం ఎడమ చివర ఉంది.

ఇంక 8వ తారీఖు. అసలు నీకు చెప్పాలనుకున్నది దీని గురించే.

లియాన్ మన రాజమండ్రి లాగా నది ఒడ్డు ఊరు. మనకి ఒక్క గోదారి, వీళ్ళకి రెండు నదులు, సోన్ అని ఒకటి, రోన్ అని ఒకటి. సోన్ పక్కన ఫూర్వియేర్ అనే కొండ, దాని మీద మరియమాత గుడి. 1643లో ప్లేగు భయం పట్టుకుంది. ఊరి పెద్దలు ఆ తల్లికి మొక్కుకున్నారు, మా ఊరిని కాపాడితే ఏటా నీ పుట్టినరోజుకి కొండెక్కి ఏడు పౌండ్ల తెల్ల మైనపు కొవ్వొత్తులూ ఒక బంగారు నాణెమూ సమర్పిస్తామని. ఆ మొక్కు సెప్టెంబరు 8న ఇప్పటికీ తీరుస్తున్నారు. మొక్కు అన్న మాటకి మీ బావ ఫ్రెంచిలోంచి తెలుగులోకి వెతుక్కోనక్కర్లేకపోయింది.

రెండొందల ఏళ్ళ తర్వాత ఆ గుడి గోపురం మీద బంగారు పూత పూసిన మరియమాత విగ్రహం నిలబెట్టాలనుకున్నారు. ఫాబిష్ అనే శిల్పి రూపొందించాడు. 1852 సెప్టెంబరు 8న ప్రతిష్ఠ అని ముహూర్తం పెట్టుకున్నారు. సోన్ నది పొంగి, విగ్రహం పని జరుగుతున్న చోటుని ముంచేసింది. పని ఆగిపోయింది. నది పొంగింది అనగానే నాకు 1986 గోదావరి వరదలు కళ్ళముందు కదిలాయి. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఊరంతా నీళ్ళు, బడి మేడ మీద నూటికి పైగా జనం. మీ అమ్మమ్మ ఇంట్లోంచి తెచ్చుకున్న వస్తువు ఒక్క హరికేన్ లాంతరు. రాత్రి దాన్ని పిట్టగోడ మీద పెట్టింది, పడవలో వచ్చేవాళ్ళకి కనబడుతుందని. నూనె అయిపోయేదాకా కదలనివ్వలేదు. సరే, ఆ సంగతి వచ్చాక చెబుతాను.

ప్రతిష్ఠ డిసెంబరు 8కి వాయిదా వేశారు. బాణసంచా సిద్ధం, కొండ మీద దీపాలంకరణ సిద్ధం. ఆ రోజు గాలివాన. సాయంత్రం సంబరాలు ఇంకోరోజు చేసుకుందామని పెద్దలు అనుకున్నారు. చీకటి పడే వేళకి ఆకాశం తెరిపిచ్చింది. ఇక జనం ఆగలేదు. ఎవరి కిటికీ గట్టు మీద వాళ్ళు, ఇంట్లో ఉన్న కొవ్వొత్తులు వెలిగించి పెట్టేశారు. ఒక ఇల్లు చూసి ఒక ఇల్లు. కాసేపట్లో ఊరంతా వెలిగిపోయింది. వీధుల్లోకి వచ్చి పాటలు పాడుకుంటూ తిరిగారు. అదే మరుసటేడు చేశారు, ఆ తర్వాతా చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు.

చిన్నోడా, ఇది విన్నప్పుడు నాకు నీ దొన్నె గుర్తొచ్చింది. బాణసంచా ఎవరు తెప్పించారో, ఎంత ఖర్చయిందో ఈ ఊళ్ళో ఎవరికీ పట్టదు. కిటికీలో ఇంటి కొవ్వొత్తి మాత్రం 172 ఏళ్ళు నిలబడింది. పోలికి కవ్వం వెన్న, వీళ్ళకి ఇంటి కొవ్వొత్తి, నీకు దొన్నె.

ఇప్పుడు దీన్ని నాలుగు రోజుల పెద్ద పండుగ చేశారు. ఈ ఏడు 5 నుంచి 8 దాకా. లక్షల మంది వస్తారు. 5వ తారీఖు రాత్రి మీ బావ నన్ను తీసుకెళ్ళాడు. మా మాంప్లేజీర్ పేట నుంచి మెట్రోలో వెళ్ళాం. సినిమా కనిపెట్టిన లూమియేర్ అన్నదమ్ముల ఫ్యాక్టరీ ఉన్న పేట ఇది. 1895లో కూలీలు ఆ ఫ్యాక్టరీ గేటులోంచి బయటికి రావడాన్నే మొదటి బొమ్మగా తీశారు. లూమియేర్ అంటే వెలుతురు అని అర్థమట. అలాంటి ఇంటిపేరు వాళ్ళకి ఎలా అబ్బిందో! తెర్రో అనే కూడలిలో నగరపాలక భవనం గోడలే తెరలైపోయాయి. రాతి గోడ కదిలి, కరిగి, పూలు పూసినట్టు చేశారు. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహం రూపొందించిన బర్తోల్ది చేసిన ఫౌంటెన్ అక్కడే ఉంది, సీసపు గుర్రాలు ఎగిరి దూకుతున్నట్టు ఉంటాయి. కోటప్పకొండ తిరనాళ్ళలో విద్యుత్ ప్రభల కింద నిలబడినట్టే, మెడ నొప్పెట్టేదాకా చూశాను. బాగుంది. చాలా బాగుంది. కానీ ఇంటికొచ్చాక ఫలానా గోడ మీద ఏ బొమ్మ వేశారంటే చెప్పలేను.

8వ తారీఖు ఆదివారం మాత్రం నిమిషం నిమిషం చెప్పగలను. ఐదింటికే చీకటి పడిపోతుంది ఇక్కడ. మామ్మగారు అటక మీది నుంచి ఒక చెక్కపెట్టె దింపమంది. పాత వార్తాపత్రికల్లో చుట్టిన గాజు కప్పులు, నిలువు చాళ్ళు చాళ్ళుగా ఉన్నవి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, కొన్ని తెల్లవి. ‘లుమిన్యో’ అంటారు వీటిని. ఆవిడ అత్తగారు ఇచ్చినవట. కొన్నిటి అంచులు పెచ్చులూడాయి. ఏటా తీసి, కడిగి, తుడిచి, మళ్ళీ చుట్టి పెట్టేస్తుంది. మన ఇత్తడి కుందులు నాయనమ్మ చింతపండుతో తోముతుందే, అదే శ్రద్ధ. నేను కడిగాను, ఆవిడ తుడిచింది. ఒక్కో కప్పులో పొట్టి కొవ్వొత్తి నిలబెట్టి కిటికీ గట్టు మీద వరసగా పేర్చాం. పదహారు. గాలికి మొదటివి రెండు ఆరిపోయాయి. ఆవిడ చెయ్యి వణుకుతోంది, అగ్గిపుల్ల అందుకోలేకపోయింది. అప్పుడు నేను ఎడమ చెయ్యి వంచి అడ్డం పెట్టాను. ఆవిడ వెలిగించింది. నా వేళ్ళకి వేడి తగిలింది. నీ వీడియోలో ఉన్న చెయ్యి అదేరా.

కిటికీ తలుపు మూసి, ఇంట్లో లైట్లు ఆపేశాం. ఎదురు మేడలో లెక్కపెట్టాను, పదకొండు కిటికీల్లో దీపాలు. మిగిలినవి చీకటి. మునుపు ఒక్క కిటికీ కూడా ఖాళీ ఉండేది కాదని, కుర్రకారు ఇప్పుడు పెద్ద బొమ్మలు చూడ్డానికి వెళ్ళిపోతారని ఆవిడ బాధ. కానీ ఒక సంగతి చెప్పింది. 2015లో, నవంబరు 13న పారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని చంపేశారు. ఆ డిసెంబరులో లియాన్ పండుగ రద్దు చేశారు. గోడల మీద బొమ్మల్లేవు, జనసమూహాల్లేవు. చనిపోయినవాళ్ళ కోసం కిటికీల్లో దీపం పెట్టమని మాత్రం నగర మేయరు కోరాడు. ఆ రాత్రి ఈ వీధిలో వెలగని కిటికీ లేదట. కరోనా ఏడాది 2020లో మళ్ళీ రద్దయితే ఆవిడ ఒక్కతే ఈ పదహారూ పెట్టుకుని, తెల్లవారేదాకా కుర్చీలో కూర్చుందట.

కిటికీలోంచి పక్కకి వంగి చూస్తే మేడల సందులో దూరంగా ఫూర్వియేర్ కొండ కొంచెం కనబడుతుంది. కొండ మీద దీపాలతో ‘మెర్సీ మరీ’ అని రాస్తారు. ‘మరియమ్మా, నీకు కృతజ్ఞతలు’ అని. అక్షరాలు నాకు అంత దూరం నుంచి మసగ్గా వెలుగుగానే కనిపించాయి. ఆ సాయంత్రం సెయింట్ జాన్ చర్చి దగ్గర్నించి జనం దివిటీలు పట్టుకుని కొండ ఎక్కుతారు. ఆవిడ యాభై ఏళ్ళు ఎక్కిందట, మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాక మానేసింది. మన నాయనమ్మ పై మెట్టు మీద కూర్చుని నిన్ను కిందికి పంపినట్టే.

మతం వేరు కదా, అక్కడ దీపం పెట్టొచ్చా అని మీ నాన్న ఫోన్లో అడిగారు. నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. పక్కింటి ముసలావిడ చెయ్యి వణుకుతోంది, నేను అగ్గిపుల్లకి గాలి తగలకుండా ఆపాను. నా కార్తీకం నాకుంది, ఆవిడ పండుగ ఆవిడకుంది.

నిన్న 13వ తారీఖు అరుణాచలంలో మహాదీపం. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్లో ప్రత్యక్షంగా చూశాను. మొన్న వానలకి కొండచరియలు విరిగి పడ్డాయిగా, ఈసారి జనాన్ని కొండ ఎక్కనివ్వలేదు. కిందే నిలబడి అందరూ చేతులెత్తారు. సాయంత్రం అక్కతో పనిచేసే స్వీడన్ అమ్మాయి పాపని చూడ్డానికి వచ్చింది. వాళ్ళకి ఆ రోజు సెయింట్ లూసియా పండుగట. ఆడపిల్లలు తెల్ల గౌను వేసుకుని, నడుముకి ఎర్ర పట్టీ కట్టుకుని, తలమీద కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని తెల్లవారకముందే పాటలు పాడుకుంటూ వస్తారు. వాళ్ళ దేశంలో డిసెంబరులో పగలు నాలుగు గంటలు ఉంటే గొప్ప అనుకునే ఊళ్ళు ఉన్నాయి. కుంకుమపువ్వు వేసి చేసిన పచ్చటి బన్నులు తెచ్చింది. బాలింత ఇంటికి ఎవరూ చెప్పకుండానే కుంకుమపువ్వు తెచ్చిందే అని నేను మురిసిపోయాను.

సరే, ఇంటి సంగతులు. నాయనమ్మ బీపీ మాత్రలు 20వ తారీఖుకి అయిపోతాయి, ముందే తెచ్చి పెట్టు. తులసమ్మకి నీళ్ళు పోయడం మీ నాన్న మర్చిపోతున్నారని నాయనమ్మ చెప్పింది. ధనుర్మాసం వచ్చేస్తోంది, ముగ్గు డబ్బాలో పిండి లేదు. నేను సంక్రాంతికి ఉండలేను, కనుమ వెళ్ళాక 18వ తారీఖు బయల్దేరుతాను. పండక్కి అరిసెలు నాయనమ్మని ఒక్కదాన్నే చెయ్యనివ్వకు, పాకం దగ్గర నువ్వు నిలబడు.

మామ్మగారు నాకు నాలుగు లుమిన్యో కప్పులు ఇచ్చింది. వద్దంటే వినలేదు, తన తర్వాత చుట్టి పెట్టేవాళ్ళు లేరంది. చీరల మడతల్లో పెట్టి తెస్తాను. అటక మీద ఇత్తడి కుందుల పెట్టెలో వాటికి కొంచెం చోటు చేసి ఉంచు.

వచ్చే కార్తీకానికి నేను ఊళ్ళోనే ఉంటాను. పోలి పాడ్యమికి ఘాట్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం. అరటి దొప్పల కోసం వెతకొద్దు. దొన్నెలు రెండు తీసుకురా.

ఇట్లు,
అమ్మ